వాతావరణం ఎవరు కల్పించాలి?

“పిల్లల సమగ్ర వికాసానికి అనుకూలమైన వాతావరణాన్ని కల్పించడం అంగన్‌వాడీ కార్యకర్త బాధ్యత.”

ఈ వాక్యం నేను రాసిందే. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులోకి తెచ్చి, పదానికి ఇంత అని డబ్బు కూడా తీసుకున్నాను. ఒక శిక్షణ పుస్తకంలో మూడో పేజీలో వచ్చే వాక్యం ఇది. అచ్చుకి వెళ్ళేముందు చదవాల్సినవాళ్ళ చేత ఒకసారి చదివిస్తే మంచిదనిపించి, గోపాలపట్నంలో మా వీధి వెనక ఉన్న అంగన్‌వాడీ కేంద్రానికి కాగితాలు పట్టుకెళ్ళాను. టీచర్ గారు కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి, సరిగ్గా అక్కడ ఆగారు.

“వాతావరణం కూడా మేవే కల్పించాలా అమ్మా?”

నవ్వుతూనే అన్నారు. పక్కన గుడ్లు లెక్కపెడుతున్న ఆయమ్మ కూడా నవ్వింది. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు రాలేదు.

గోపాలపట్నంలో వాతావరణం అంటే పుస్తకంలో మాట కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఇక్కడికి దగ్గర్లోనే, ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. జనం చంటిపిల్లల్ని భుజానేసుకుని చీకట్లో పరిగెత్తారు, పరిగెత్తలేనివాళ్ళు రోడ్డు మీదే పడిపోయారు. 12 మంది చనిపోయారు. వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. ఆ రాత్రి ఉయ్యాల్లో ఉన్న పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు. వాళ్ళు పీల్చిన వాతావరణాన్ని కల్పించింది వాళ్ళ అమ్మలు కాదు, అంగన్‌వాడీ టీచరూ కాదు.

నేను రాసిన వాక్యంలో వాతావరణం అంటే గాలి కాదని టీచర్ గారికి తెలుసు. గోడ మీద బొమ్మలు, నేల మీద చాప, పిల్లలతో మంచిగా మాట్లాడటం, అదీ అక్కడి అర్థం. అయినా ఆవిడ వేళాకోళంలో ఒక ప్రశ్న ఉంది. అప్పట్నుంచీ అది నన్ను వదల్లేదు. పిల్లల్ని పెంచే పనిలో ఉన్న మనిషికి ‘నువ్వు ఇలా చెయ్యాలి’ అని చెప్పే హక్కు ఎవరికుంది? చెప్పినవాళ్ళు బదులుగా ఏం బాకీ పడతారు?

*

పసిపిల్లల ఎదుగుదల మీద పనిచేసేవాళ్ళ కోసం తయారయ్యే పుస్తకాలు, కరపత్రాలు, వీడియోల కింద వేసే మాటలు తెలుగు చెయ్యడం కొన్నేళ్ళుగా నా పని. ఇవి ఇప్పుడు చాలా వస్తున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం, మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని చెప్పింది. 2023లో కేంద్రం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ మొదలుపెట్టింది. తిండి ఒక్కటే కాదు, చదువు కూడా అంగన్‌వాడీలోనే అని దాని సారాంశం. 2024లో మూడేళ్ళ లోపు పిల్లల కోసం ‘నవచేతన’, మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళ కోసం ‘ఆధారశిల’ వచ్చాయి. చెడ్డ పుస్తకాలేమీ కావు. చాలా భాగం చదువుతుంటే నాకే, మా అమ్మ నాతో ఇలా ఉండేది కదా, అనిపిస్తుంది.

ఈ పుస్తకాల్లో ‘సర్వ్ అండ్ రిటర్న్’ అనే మాట పదే పదే వస్తుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పసిపిల్లల వికాసం మీద పనిచేసే కేంద్రం దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. టెన్నిస్‌లోంచి తీసుకున్న పోలిక. పసివాడు ఒక శబ్దం చేస్తాడు, వేలెత్తి ఏదో చూపిస్తాడు. అది వాడు వేసిన బంతి. పెద్దవాళ్ళు దాన్ని తిరిగి వాడి వైపు వెయ్యాలి. ఒక చూపుతోనో, మాటతోనో. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మెదడులో కణాల మధ్య లంకెలు గట్టిపడతాయి. దీన్ని నేను ‘ప్రతిస్పందనాత్మక పరస్పర చర్య’ అని రాశాను.

టీచర్ గారు ఆ పేరా రెండుసార్లు చదివారు. “ఊ కొట్టడమే కదమ్మా. దీనికింత పేరేటి?”

అంతే. కథ చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు ఊ కొడతారు. పిల్లడు చెప్పే కథకి పెద్దవాళ్ళు ఊ కొట్టాలి. తెలుగు ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళందరికీ తెలిసిన మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది. వెంటనే దిద్దుకున్నాను. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు.

“ఊ కొట్టాలంటే ఎదర కూకోవాలి కదమ్మా. కూకోడానికి కాళీ ఏదీ?”

ఆ పూట నేనక్కడ గంటన్నర ఉన్నాను. అద్దె గది, ముందు వీధిలోకి దిగే రెండు మెట్లు. అంగన్‌వాడీ అనే పేరులోనే అంగణం ఉంది గానీ ఇక్కడ అంగణం లేదు. లోపల ఇరవై మంది దాకా పిల్లలు. ఒక గర్భిణి సరుకుల కోసం వచ్చింది. ఆవిడ ముఖం ఫోన్‌కి చూపించాలి. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో, ఇంటికిచ్చే సరుకులకి ముఖం పోల్చి చూసే పద్ధతి తర్వాత చేర్చారు. గదిలో వెలుతురు చాలక మెట్ల మీదికి తీసుకెళ్ళారు. వెలుతురు సరిపోయింది గానీ సిగ్నల్ ఆగిపోయింది. తెర మీద చక్రం తిరుగుతూ ఉంది.

అప్పుడొచ్చింది ఒక పాప. నాలుగేళ్ళుంటాయి. చేతిలో సోడాసీసా మూత. “టీచర్, సూడు. టీచర్, ఇది సందమామ.” మూత లోపలి వైపు వెండిలా మెరుస్తోంది. టీచర్ గారు ఫోన్ మీంచి కళ్ళెత్తకుండా “ఆఁ, కూకో అమ్మా” అన్నారు. పాప కాసేపు మూత అలాగే పైకెత్తి పట్టుకుని నిలబడింది. తర్వాత చెయ్యి దించింది. తర్వాత వెళ్ళిపోయింది.

బంతి వచ్చింది, తిరిగి వెళ్ళలేదు. సరిగ్గా ఆ పేరాలో చెయ్యకూడదని రాసిందే నా కళ్ళముందు జరిగింది. ఫోన్ పని అయ్యాక టీచర్ గారు పాప వెళ్ళిన వైపు చూశారు, తర్వాత నా వైపు. ఆవిడ గమనించారు. పది నిమిషాల ముందే చదివారు కాబట్టి ఇంకా బాగా గమనించారు.

*

నా పని గురించి నాకు మొదటిసారి భయమేసింది అప్పుడే.

మనం తప్పుల్ని రెండు రకాలుగా చూస్తాం. తెలియక చేసినవి, తెలిసీ చేసినవి. మొదటిదానికి జాలి పడతాం. రెండోదానికి “తెలిసీ ఇలా చేశావా” అని నిలదీస్తాం. చదువు చెప్పడం, శిక్షణ ఇవ్వడం అంటే మనిషిని మొదటి వరసలోంచి రెండో వరసలోకి తీసుకురావడం. మామూలుగా అది మేలే. కొత్త సంగతి తెలిసిన మనిషి కొత్తగా చేయగలగాలి. కానీ తెలివి ఒక్కటే ఇచ్చి, ఆ పని చేసే వీలు ఇవ్వకపోతే ఏమవుతుంది? పని జరగదు. జరగని పనికి పేరు మారుతుంది. నిన్నటిదాకా అది ‘లోటు’, ఇవాళ్టినుంచి ‘నిర్లక్ష్యం’. లోటుకి జవాబు చెప్పాల్సింది ఏర్పాటు చేసినవాళ్ళు. నిర్లక్ష్యానికి జవాబు చెప్పాల్సింది ఆ గదిలో ఉన్న మనిషి.

శిక్షణ ముగిసిన రోజు హాజరు పట్టీలో సంతకం తీసుకుంటారు. నేను దాన్ని ఇన్నాళ్ళూ భోజనం లెక్క కోసమే అనుకున్నాను. అది ఇంకొకటి కూడా చెబుతుంది: ఈవిడకి చెప్పాం, ఈవిడకి తెలుసు.

తల్లుల విషయంలోనూ ఇదే. ‘మొదటి వెయ్యి రోజులు’ అని గోడల మీద బొమ్మలు వేస్తాం. బిడ్డతో మాట్లాడండి, ఆడండి, కథలు చెప్పండి. ఇవన్నీ నేను తెలుగు చేసిన వాక్యాలే. పొద్దున్నే నాలుగిళ్ళలో పాచిపనికి వెళ్ళొచ్చే మనిషి ఆ గోడ ముందు నిలబడి చదివితే ఆవిడకి అందేది విషయం మాత్రమే కాదు. తన బిడ్డ తెలివి తక్కువైతే అది తన వల్లే అన్న మాట కూడా అందుతుంది. గోడ ఆ మాట అనలేదు. అనాల్సిన పని లేకుండా చేసింది.

*

నా స్నేహితురాలు ఒకామె పిల్లల డాక్టరు. ఇదంతా చెబితే ఒప్పుకోలేదు. “అయితే ఏమంటావు? వాళ్ళకి తీరిక దొరికేదాకా చెప్పకుండా ఆగుతావా? ఆ పాప అప్పటిదాకా నాలుగేళ్ళ దగ్గరే ఆగి ఉంటుందా? తెలివిని దాచడం కంటే పెద్ద అన్యాయం ఏముంది? పేదవాళ్ళకి వీలుండదులే అని నువ్వే తీర్మానించేసి, బాగా చదువుకున్న ఇళ్ళకే ఆ సంగతులు తెలిసేలా చేస్తావా?”

ఆమె మాట కొట్టిపారేసేది కాదు. తన వైపు గట్టి సాక్ష్యం కూడా చూపించింది. జమైకాలో, కింగ్‌స్టన్ నగరంలో, 1980ల్లో శాలీ గ్రంథమ్ మెక్‌గ్రెగర్, సుసాన్ వాకర్ బృందం వయసుకి తగ్గ ఎత్తు లేని 129 మంది పసిపిల్లల్ని తీసుకుని చేసిన అధ్యయనం అది. డాక్టర్లు కాదు, మామూలు ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి కొందరి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. పారేసే వస్తువులతో చేసిన బొమ్మలతో తల్లీబిడ్డల్ని ఆడించేవాళ్ళు. గంటసేపు, రెండేళ్ళపాటు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, ఆ ఆటలు అందిన పిల్లల సంపాదన, అందనివాళ్ళ కంటే 25 శాతం ఎక్కువ. 2014లో ఆ ఫలితం సైన్స్ పత్రికలో వచ్చింది. “చూశావా, సోడామూత చాలు” అంది.

సోడామూత చాలు, నిజమే. కానీ ఆ కథలో ఇంకొకటి కూడా ఉంది. గంట. ఆ గంటలో ఆ కార్యకర్తకి ఒక ఇల్లు, ఒక తల్లి, ఒక బిడ్డ. మధ్యలో ఫోన్ తెర మీద చక్రం తిరగలేదు. ఈ రంగంలో అందరూ తలుచుకునే ఇంకో అధ్యయనం అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని పెర్రీ ప్రీస్కూలు. 1962 నుంచి 67 వరకు నడిచింది. 123 మంది పిల్లల్లో 58 మందికి ఆ బడి దొరికింది. నలభై ఏళ్ళ వయసు వచ్చేదాకా వాళ్ళ వెంట పడి లెక్కలు తీశారు. నోబెల్ పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ చెప్పే ‘పసితనం మీద పెట్టుబడి’ వాదానికి పెద్ద ఆధారం అదే. ఆ బడిలో అయిదారుగురు పిల్లలకి ఒక టీచరు. వారానికోసారి ప్రతి ఇంటికీ గంటన్నర.

నేను తెలుగు చేసిన పుస్తకాల్లో పెర్రీ ఉంది, జమైకా ఉంది. ‘అయిదారుగురికి ఒకరు’ అన్నది లేదు. పరిశోధన నుంచి మనం నీతివాక్యాన్ని తెచ్చుకున్నాం. ఆ నీతి పండిన నేలని అక్కడే వదిలేశాం.

పోనీ మన దగ్గర ఏం జరిగితే ఏం ఫలితం వచ్చిందో చూద్దామని వెతికాను. 1987 నుంచి 90 వరకు హైదరాబాదు చుట్టుపక్కల 29 ఊళ్ళలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు గమనించిన సంగతి ఒకటి ఉంది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ పథకం అప్పటికింకా అన్నిచోట్లకీ రాలేదు. పదిహేను ఊళ్ళలో వచ్చింది, పధ్నాలుగు ఊళ్ళకి రావాల్సి ఉంది. వచ్చిన ఊళ్ళలో గర్భిణులకీ పిల్లలకీ రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా చేసి పెట్టారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి, 13 నుంచి 18 ఏళ్ళ మధ్య ఉన్నప్పుడు మళ్ళీ కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. 14 మిల్లీమీటర్లు అంటే వేలి గోరంత. కానీ అది ‘పోషకాహారం తీసుకోండి’ అన్న కరపత్రంతో వచ్చిన ఎత్తు కాదు. పళ్ళెంలో పడిన తిండితో వచ్చింది.

రెండోది తమిళనాడులో. 640 అంగన్‌వాడీలని తీసుకుని, చీటీ వేసినట్టు సగానికి ఒక్కొక్క మనిషిని అదనంగా ఇచ్చారు. సగం రోజు పనికి, పిల్లలకి చదువు చెప్పడానికి మాత్రమే. ఆ మనిషి వచ్చాక చదువు చెప్పే సమయం రెట్టింపయింది. ఏడాదిన్నరకి పిల్లల లెక్కలు, భాష మెరుగుపడ్డాయి. తమాషా ఏమిటంటే, పాత టీచరుకి కాస్త ఊపిరి సలిపి, తిండి, ఆరోగ్యం పనులు కూడా బాగుపడ్డాయి. కేంద్రానికి వస్తూ ఉన్న పిల్లల్లో ఎదుగుదల లోపం తగ్గింది. ఆ కొత్త మనిషి కూడా కొద్దిగా శిక్షణ పొందిన స్థానిక స్త్రీయే. కేంద్రంలో కొత్తగా చేరినవి ముఖ్యంగా రెండు చేతులు.

నా స్నేహితురాలికి ఇది చెప్పాను. “సరే, చేతులు కావాలి. కానీ చేతులొచ్చాక ఏం చెయ్యాలో తెలియాలిగా?” అంది. తెలియాలి. ఆమె సగం, నేను సగం ఒప్పుకున్నాం. తెలివిని ఆపమని కాదు నేననేది. అది ఒంటరిగా వెళ్ళకూడదు అంటున్నాను.

*

చేతుల విలువ ఎంతో కూడా మన దగ్గర ఒకసారి బయటపడింది. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతటా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకి దిగారు. టీచరుకి నెలకి 11,500, ఆయాకి 7,000. అది జీతం కాదు, గౌరవ వేతనం. ఎందుకంటే కాగితం మీద వాళ్ళు ఉద్యోగులు కారు, స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్ళు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వీళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. సమ్మెలో అడిగినవాటిలో అదీ ఉంది. జనవరి మొదటివారంలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవలు ఆపకూడదని చెప్పే చట్టం అది. మొత్తం 42 రోజులు, జనవరి 22 దాకా సమ్మె సాగింది.

ఎవరి పక్షమైనా వహించండి, ఇక్కడ ఒక చిత్రం ఉంది. పని చేస్తున్నప్పుడు అది స్వచ్ఛంద సేవ. ఆపినప్పుడు అత్యవసర సేవ. డబ్బు దగ్గర గౌరవం, బాధ్యత దగ్గర చట్టం. నేను రాసిన ‘బాధ్యత’ అనే మాట ఏ నేల మీద నిలబడి ఉందో నాకు ఆ 42 రోజుల్ని తలుచుకున్నాకే అర్థమైంది. ఇవ్వవలసినది ఇవ్వనివాడు ‘నీ బాధ్యత’ అనే మాట వాడితే, అది నీతి కాదు, ఆజ్ఞ.

పెట్టుబడి వాదం గురించి కూడా ఒక మాట చెప్పాలి. పసితనంలో పెట్టిన రూపాయి పెద్దయ్యాక ఎన్నో రూపాయలై తిరిగొస్తుందంటారు. ప్రభుత్వాల చేత ఖర్చు పెట్టించడానికి ఈ మాట పనికొస్తుంది, నేనూ దాన్ని ఎన్నోసార్లు తెలుగు చేశాను. కానీ ఆ పాప సోడామూత ఎత్తి చూపించింది పాతికేళ్ళ తర్వాత 25 శాతం ఎక్కువ సంపాదించడానికి కాదు. చందమామ దొరికిందని. ఆ క్షణంలో ఎవరో ఒకరు ‘అవునే, చందమామే’ అనాలి. దానివల్ల రేపు ఏమీ రాకపోయినా అనాలి. రేపటి లాభమే కారణమైతే, లాభం రాని పిల్లలకి ఊ కొట్టక్కర్లేదని ఒప్పుకున్నట్టే. పుట్టుకతోనే లోపం ఉన్న బిడ్డ, ఎక్కువ రోజులు బతకదని డాక్టర్లు చెప్పిన బిడ్డ, వీళ్ళందరూ ఆ గదిలోకి వస్తారు. టీచర్ గారు వాళ్ళనీ ఎత్తుకుంటారు. ఆవిడ చేసే పనికి ఆ లెక్క సరిపోదు.

*

చివరికి నేనేం చేశానంటే, పెద్దగా ఏమీ చెయ్యలేదు. ‘చెయ్యాలి’, ‘కల్పించాలి’, ‘నిర్ధారించుకోవాలి’ అని వచ్చిన ప్రతిచోటా పక్కన ఒక ప్రశ్న రాసి పంపాను: దీనికి రోజుకి ఎంతసేపు పడుతుంది, ఆ సమయం కోసం ఏ పని తగ్గిస్తున్నారు? అనువాదకుల పరిధిలోకి రాదని జవాబొచ్చింది. మర్యాదగానే చెప్పారు. నిజానికి పరిధిలోకి రాదు కూడా. ఈ పని మానేద్దామా అని కొన్నాళ్ళు ఆలోచించాను. నేను మానేస్తే ఇంకెవరో ‘ప్రతిస్పందనాత్మక పరస్పర చర్య’ అని రాస్తారు. ఇది మానకపోవడానికి మంచి కారణమో, సాకో నాకింకా తేలలేదు.

పుస్తకం అచ్చయి వచ్చింది. వాతావరణం వాక్యం అలాగే ఉంది. ‘ఊ కొట్టడం’ మాత్రం మిగిలింది. ఒక కాపీ తీసుకెళ్ళి టీచర్ గారికిచ్చాను. ఆవిడ ఆ పేజీ వెతికి ఆయమ్మకి చూపించారు. “మన మాట ఏసినారు సూడు.” తర్వాత పుస్తకం రిజిస్టర్ల మీద పెట్టి, ఫోన్ తీసి, నా వైపు చూశారు.

“నువ్వు ఇప్పుడు కాళీయేనా అమ్మా? ఓ అరగంట పిల్లల కాడ కూకుంటావా? ఫొటోలు ఎక్కించేసి వచ్చేస్తాను.”

కూర్చున్నాను. సోడామూత పాప ఆ రోజు రాలేదు. ఇంకో పిల్లడు వచ్చి వాళ్ళ నాన్న లారీ గురించి చాలాసేపు చెప్పాడు. నేను ఊ కొట్టాను. ఈ అరగంట దేనికీ జవాబు కాదని నాకు తెలుసు, మెట్ల మీద సిగ్నల్ కోసం నిలబడ్డ ఆవిడకీ తెలుసు. పిల్లడికి మాత్రం లారీ ఇంకా ఒడిశా దాటలేదు. చెబుతూనే ఉన్నాడు.